ఫ్రాజైల్ ఎక్స్ ఉన్నవాళ్లు పెద్దయ్యాక కొత్త పనులు నేర్చుకోగలరా?

మీ తమ్ముడికి ఫ్రాజైల్ ఎక్స్ (పుట్టుకతోనే వచ్చే, నేర్చుకోవడాన్ని నెమ్మది చేసే జన్యు సమస్య) అనీ, 24 ఏళ్లొచ్చాక ఇంక నేర్పినా దండగేనని బంధువులు అంటున్నారనీ రాశారు. ఆ మాట చెవిన పెట్టుకోకండన్నా. మా తమ్ముడికీ అదే ఉంది, మాది తిరుపతి. వాడు ఒంటరిగా బస్సెక్కడం, కొట్లో డబ్బులివ్వడం నేర్చుకున్నది ఇరవై దాటాకే.

ఎఫ్‌ఎంఆర్1 అనే జన్యువు పనిచేయకపోతే ఈ సమస్య వస్తుంది. మెదడు కణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట ప్రోటీన్లు మితిమీరి తయారు కాకుండా చూసే ప్రోటీన్ ఆ జన్యువు నుంచే రావాలి. అది లేక ఆ కలయికలు కుదురుగా గట్టిపడవు. అందుకే నేర్చుకోవడం నెమ్మది, అంతేగానీ ఆగిపోదు. ఎలుకల్లో బాగా పనిచేసిన ఒక మందు మనుషుల మీద పరీక్షిస్తే ఫలితం ఇవ్వలేదు. కాబట్టి మందుతో పూర్తిగా నయం చేస్తామనే వాళ్లకు డబ్బులు పోయకండి. ఆ డబ్బూ ఓపికా నేర్పడం మీద పెట్టండి.

మావాడికి చిల్లర లెక్క ఎక్కదు. కూడికలు వదిలేసి నోట్ల రంగులు పట్టించాం. టీకి చాక్లెట్ రంగు పది నోటు. మొహం పక్కకు తిప్పుకొని, చెయ్యి మాత్రం ముందుకు చాపి "అన్నా, టీ" అంటాడు. టీ కొట్టాయన కూడా కళ్లలోకి చూడమని అడగడు. వీళ్లకు ఎదుటివాళ్ల చూపే పెద్ద టెన్షన్. టెన్షన్ పడుతున్నప్పుడు ఏం చెప్పినా బుర్రకెక్కదు.

లీలామహల్ దగ్గర ఎక్కు, తర్వాత ఫలానా చోట దిగు అని వరసగా చెబితే తికమకపడేవాడు. పక్కన కూర్చుని దారి మొత్తం మళ్లీ మళ్లీ తిప్పి చూపిస్తే పట్టేశాడు. చూసి నేర్చుకోవడంలో వీళ్లు గట్టివాళ్లు.

నేర్చుకున్నది మార్చుకోవడం మాత్రం నిజంగా కష్టం. బ్రహ్మోత్సవాలప్పుడు ట్రాఫిక్ మళ్లించి బస్సు వేరే దారి పట్టిందంటే చెయ్యి కొరుక్కుంటాడు. అందుకే ఆ రోజులకు ముందే కొత్త దారిలో స్కూటర్ మీద తిప్పి చూపిస్తాం. మీరు కూడా ఏ పనైనా మొదటి రోజు నుంచే, చివరిదాకా ఎలా చేయాలో అలాగే చూపించండి. ముందు ఒక రకంగా నేర్పి తర్వాత సరిదిద్దుదాం అనుకుంటే మీ తమ్ముడు చాలా నలిగిపోతాడు.