వినైల్ 40 కాపీలే కావాలంటే: లేత్ కట్‌కి ఇచ్చే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

ప్రశ్న: మా బ్యాండ్ 4 పాటల ఈపీ తెస్తోంది, మొత్తం 17 నిమిషాలు. వినైల్ 40 కాపీలు చాలు. ప్రెసింగ్ వాళ్లు కనీసం 100 అంటున్నారు, కొందరు 300. ఒక్కొక్కటిగా కోసిచ్చే లేత్ కట్ నమ్మొచ్చా? 7 అంగుళాల్లో పడుతుందా? ఫైళ్లు ఎలా ఇవ్వాలి?

జవాబు:

40 కాపీలకి లేత్ కట్ ఒక్కటే దారి. ప్రెసింగ్‌లో ముందు లాకర్ అనే మెత్తటి పూత ఉన్న డిస్కు కోసి, దాని మీద వెండి, నికెల్ పూతలు ఎక్కించి స్టాంపర్లు (రికార్డులు ఒత్తే లోహపు అచ్చులు) తీస్తారు. ఆ ఖర్చు 40 అయినా 400 అయినా ఒకటే. ఆ తర్వాత ఒక్కో రికార్డు అర నిమిషంలో దిగుతుంది. లేత్‌లో స్టాంపర్ ఉండదు, పాట ఎంతసేపో కోత అంతసేపు. మీ పని 40 × 17 = 680 నిమిషాలు, అంటే 11 గంటల 20 నిమిషాలు ఉత్త కోతకే. బ్లాంక్ (గాడులు లేని ఖాళీ డిస్కు) మార్చడం, లేబుల్ అంటించడం, పాడైనవి మళ్లీ కొయ్యడం దీనికి అదనం. కాపీలు పెంచినా రేటు దిగకపోవడానికి కారణం ఇదే, బేరమాడి లాభం లేదు. 100 దాటే ఆలోచన ఉంటేనే ప్రెసింగ్ కొటేషన్ తెప్పించండి.

7 అంగుళాలు వద్దు. ఎందుకో చూడండి. ఆ సైజులో గాడులు పడే చోటు వ్యాసార్థం మీద సుమారు 30 మి.మీ. మీకు ఒక్కో వైపు 8.5 నిమిషాలు. 33 స్పీడులో (నిమిషానికి 33⅓ చుట్లు) తిప్పితే 283 చుట్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య 106 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). గాడి వెడల్పే 55 దాకా తినేస్తుంది. మిగిలిన 50లోనే గాడి అటూ ఇటూ ఊగాలి, పక్క గాడితో మధ్యన గోడ కూడా మిగలాలి. ఊపు తగ్గించక తప్పదు, అంటే శబ్దం తగ్గుతుంది. అప్పుడు ప్లాస్టిక్ గరగర మీ పాటతో సమానంగా వినిపిస్తుంది. 45 స్పీడైతే 382 చుట్లు, 79 మైక్రాన్లు. ఇక ఆ మాటే వద్దు. 7 అంగుళాలు 45కి వైపుకి 4 నిమిషాలు, మహా అయితే 5.

అదే 10 అంగుళాల్లో చోటు 62 మి.మీ. 45 స్పీడులో 382 చుట్లకి చుట్టుకి 162 మైక్రాన్లు వస్తుంది. హాయిగా కొయ్యొచ్చు. మీకు నా సలహా ఇదే. 12 అంగుళాలైతే ఇంకా విశాలం, 225 మైక్రాన్లు. కానీ బ్లాంక్ ఖరీదు పెరుగుతుంది. 10కి రెడీమేడ్ కవర్లు దొరకడం కష్టమన్నది ఒక్కటే ఇబ్బంది. ప్రింటింగ్ ప్రెస్‌లో 300 జీఎస్ఎం బోర్డు మీద, రికార్డు 250 మి.మీ. కాబట్టి 260 మి.మీ. కొలతకి చేయించుకోవచ్చు.

పాటల వరస కూడా దీన్నిబట్టే. 10 అంగుళాల 45లో బయటి గాడి సెకనుకి 57 సెం.మీ. వేగంతో ముల్లు కింద పోతుంది, లోపలి చివరికొచ్చేసరికి 28. తక్కువ వేగంలో పై ఫ్రీక్వెన్సీలు ఇరుక్కుని మసకబారతాయి. డప్పులు, తాళాలు, గట్టి గొంతు ఉన్న పాట ప్రతి వైపూ ముందు పెట్టండి. తంబురా మీద సాగే మెల్లటి పాట లోపల పెట్టండి.

ఫైళ్ల సంగతి. వైపుకి ఒక్కటే వేవ్ ఫైల్, 24 బిట్, పాటల మధ్య ఖాళీ అందులోనే ఉండాలి. స్ట్రీమింగ్‌కి చేసిన మాస్టర్ పంపకండి. లిమిటర్‌తో (శబ్దం హద్దు దాటకుండా నొక్కిపెట్టే ప్లగిన్) ఇటుకలా నలిపిన ఫైలుని కోసేవాళ్లు ఎలాగూ తగ్గించి కోస్తారు, రికార్డు గట్టిగా రాదు, వాయింపులో ప్రాణమూ ఉండదు. లిమిటర్ తీసేసి, పీక్ మైనస్ 3 డీబీ దాటకుండా ఇవ్వండి. 30 హెర్ట్జ్ కింద, 16 వేల పైన కత్తిరించండి. 150 హెర్ట్జ్ కింద అంతా మోనో. ఇది చాదస్తం కాదు. ఎడమ, కుడి ఒకే దిశలో ఉంటే ముల్లు పక్కలకి కదులుతుంది, ఎదురెదురుగా ఉంటే పైకీ కిందికీ. బేస్ మీద స్టీరియో వెడల్పు చేసే ప్లగిన్ వేస్తే కోత ముల్లు పైకి లేచి గాడే తెగిపోతుంది. వినేవాళ్ల ముల్లు అక్కడ గెంతుతుంది.

స, శ, ష, చ అక్షరాల విషయంలో జాగ్రత్త. ఇవి పై ఫ్రీక్వెన్సీల్లో చురుగ్గా ఉంటాయి. ఆర్‌ఐఏఏ కర్వ్ (రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి పై శబ్దాలు పెంచే ప్రామాణిక సర్దుబాటు) 10 వేల హెర్ట్జ్ దగ్గర ఇంకో 13 డీబీకి పైగా పెంచుతుంది. స్పీకర్లో ముద్దుగా ఉన్న 'స' రికార్డు మీద ఉమ్మినట్టు వస్తుంది. డీ-ఎస్సర్‌ని (స, శ లాంటి అక్షరాల చురుకు తగ్గించే ప్లగిన్) గొంతు ట్రాక్ మీదే వెయ్యండి, మొత్తం మిక్స్ మీద వేస్తే తాళాలు చచ్చిపోతాయి. ఆర్‌ఐఏఏ మాత్రం మీరు వెయ్యకూడదు, అది మెషిన్ దగ్గరే ఉంటుంది.

ఆర్డర్ ఇచ్చే ముందు మూడు అడగండి: స్టీరియోనా మోనోనా, బ్లాంక్ దేంతో చేసింది, కోత ముల్లు వజ్రమా కెంపా. పాలికార్బొనేట్ గట్టిది, ఎక్కువకాలం మన్నుతుంది, గరగర కాస్త ఎక్కువ. పీవీసీ మెత్తన, వేడి ముల్లుతో కోస్తే నిశ్శబ్దంగా ఉంటుంది. ఎసిటేట్ అంటే వద్దనండి, కొద్దిసార్లు తిప్పేసరికే అరిగిపోతుంది. కెంపు ముల్లు కొన్ని గంటలకే మొద్దుబారుతుంది కాబట్టి 1వ కాపీ, 40వ కాపీ పక్కపక్కన పెట్టి వినండి. రెండోదాంట్లో బుస పెరిగిందంటే మధ్యలో ముల్లు మార్చలేదన్నమాట.

కోతలో ఎక్కువ నష్టం పోగు వల్ల. ముల్లు తవ్వే కొద్దీ వెంట్రుకలాంటి ప్లాస్టిక్ పోగు తెగకుండా వస్తూనే ఉంటుంది, ముల్లు వెనకే ఉన్న సన్నటి గొట్టం దాన్ని పీల్చేస్తుంది. గాలి పొడిగా ఉన్న రోజు స్టాటిక్‌కి ఆ పోగు గొట్టంలోకి పోకుండా డిస్కుకే అంటుకుంటుంది. తిరిగొచ్చి ముల్లు కిందికి దూరితే కటింగ్ హెడ్ ఒక్క క్షణం లేస్తుంది, అక్కడ గాడి పలచబడుతుంది. ఆ డిస్కు ఇక చెత్తబుట్టకే. ముల్లుకి చుట్టిన నైక్రోమ్ తీగ వేడి తక్కువైతే సుయ్‌మనే బుస, ఎక్కువైతే పోగు కరిగి గాడి గోడలకి అంటుకుంటుంది. మెరవాల్సిన గాడి బూడిద రంగుగా కనిపిస్తే వేడి మీద అనుమానపడండి. నూటికి 10 దాకా పోతాయని లెక్కేసి 45 బ్లాంకులు తెప్పించమనండి.

మొత్తం కోయించకముందు ఒక టెస్ట్ డిస్కు తీయించండి. దాన్ని మంచి ప్లేయర్ మీదే కాదు, సూట్‌కేస్ ప్లేయర్ మీద కూడా తిప్పండి, కొనేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది అదే. అక్కడ గెంతితే బేస్ 2 డీబీ తగ్గించి మళ్లీ కోయించండి. ముల్లు బరువు 2 నుంచి 3 గ్రాములు పెట్టుకోమని కవర్ మీద అచ్చు వెయ్యండి.

పంపేటప్పుడు రికార్డుని లోపలి కవర్లోనే ఉంచి, బయటి అట్ట కవర్ పక్కన పెట్టి ప్యాక్ చెయ్యండి. అట్టలోనే పెడితే కొరియర్ కుదుపులకి డిస్కు అంచు అట్టని చీల్చుకుని బయటికొస్తుంది. పీవీసీ బ్లాంకులైతే మే నెలలో పంపడం మానుకోండి. ఎండలో నిలబెట్టిన వ్యాన్‌లో గంట ఉంటే చాలు, అప్పడంలా వంకర తిరుగుతాయి.