కిరాణా దుకాణానికీ, ఇంజనీరింగ్ చదువుకూ ఒకే కాలిక్యులేటర్ సరిపోతుందా?

సరిపోదు, దుకాణాల్లో వాడే మామూలు రకం, చదువుకు వాడే సైంటిఫిక్ రకం లెక్కను చూసే పద్ధతే వేరు. 2 + 3 × 4 అని నొక్కితే దుకాణాల్లో వాడే మామూలు కాలిక్యులేటర్ సాధారణంగా నొక్కిన వరుసలోనే లెక్కించి 20 చూపుతుంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్ గుణకారం ముందు చేసి 14 చూపుతుంది. దుకాణానికి 12 అంకెల తెర, పెద్ద మీటలు, విడివిడి మొత్తాలన్నిటినీ కలిపి చూపే జీటీ మీట ఉన్నది మేలు. 8 అంకెల తెరపై పైసలతో సహా 9,99,999.99 దాటిన మొత్తం పట్టదు. ఇంజనీరింగ్ విద్యార్థికి మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, సమీకరణాలు చేయగల క్యాసియో ఎఫ్ఎక్స్-991 వంటిది చాలు, అయితే కొనేముందు కళాశాల పరీక్షల నిబంధన అడిగి తెలుసుకోవాలి. ఎం.టెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో కంప్యూటర్ తెరపై ఇచ్చే కాలిక్యులేటర్‌నే వాడాలి కనుక, కేవలం దానికోసం కొత్తది కొనడం దండగ.