పాలు చాలడం లేదని ఐదో నెలలోనే రాగిజావ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. పాపకు నాలుగున్నర నెలలు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 6.2 కిలోలు. నా పాలే ఇస్తున్నాను. సాయంత్రమైతే ఒకటే ఏడుపు. పాలు చాలడం లేదని మా అత్తగారు అంటున్నారు. ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాసన చేయాలి కాబట్టి ఈ ఐదో నెలలోనే చేసి, రాగిజావ మొదలుపెడదామంటున్నారు. ఇంకో నెలలో నేను ఆఫీసుకు వెళ్లాలి. పంప్ చేస్తే 50 మిల్లీలీటర్లు కూడా రావడం లేదు. డబ్బా పాలు పట్టమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ పాప బరువు గురించి చెప్తాను. పుట్టినప్పటి బరువుకు ఐదో నెల నిండేసరికి రెండింతలైతే మాకు సంతోషం. మీ పాప ఇప్పటికే అది దాటేసింది. మీ పాలు తప్ప ఇంకేమీ తాగని పిల్ల కాబట్టి, పెరిగిన ప్రతి గ్రామూ మీరిచ్చిందే. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే.

'పాలు చాలడం లేదు' అన్న మాట నా దగ్గరికొచ్చే తల్లుల నోట తరచూ వింటుంటాను. అలా అనిపించడానికి కారణాలున్నాయి. మొదట్లో రొమ్ములు గట్టిగా, బరువుగా ఉంటాయి. రెండు మూడు నెలలయ్యాక బిడ్డకు కావలసినంతే పాలు ఊరుతాయి, దాంతో మెత్తబడతాయి. పాలు తగ్గిపోయాయని తల్లి కంగారు పడుతుంది. పంపులో వచ్చినదాన్ని కూడా కొలతగా తీసుకోకండి, బిడ్డ లాగినట్టు మెషీన్ లాగలేదు. సాయంత్రం ఏడుపంటారా, అలిసిపోయినా, ఎత్తుకోవాలన్నా పిల్లలు ఏడుస్తారు. ఈ అనుమానంతో ఒక పూట డబ్బా పాలు పడితే ఆ పూట రొమ్ము తాగదు. తాగకపోతే ఊరడం తగ్గుతుంది. అప్పుడు నిజంగానే పాలు చాలవు. నా భయమంతా అదే.

మీ అత్తగారు చెప్పిన రాగులు చాలా మంచివి. తొందర ఒక్కటే వద్దు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు చాలు, బెంగళూరు ఎండాకాలంలో కూడా విడిగా నీళ్లు అక్కర్లేదు. ఆవిడకు ఒక మాట చెప్పండి: ఏడో నెల కూడా బేసి నెలే కదా! ఆరు నిండి ఏడు నడుస్తున్నప్పుడు అన్నప్రాసన చేసుకుంటే ఆచారమూ నిలుస్తుంది, మా లెక్కా సరిపోతుంది.

ఆఫీసు సంగతి. రోజూ ఒకే వేళకు పంప్ చేస్తూ ఉంటే రెండు వారాల్లో మెల్లగా పెరుగుతుంది. తీసిన పాలు బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచవచ్చు. మరిగించకండి, గిన్నెను గోరువెచ్చటి నీళ్లలో పెడితే చాలు. సీసా బదులు మన ఉగ్గుగిన్నెతో పట్టించండి. కడగడం తేలిక, రొమ్ము మరిచిపోయే ఇబ్బందీ ఉండదు. అత్తగారి చేతికి అది ఇస్తే ఆవిడ కన్నా బాగా ఎవరు పడతారు? బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పాలిచ్చే తల్లికి పనివేళల్లో రెండు విరామాలు చట్టం ఇచ్చింది. యాభై మంది, అంతకు పైగా ఉన్న సంస్థలో క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. మొహమాటపడకుండా ఇప్పుడే హెచ్‌ఆర్‌ను అడగండి.

ఆరు నెలలు నిండాక మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండుసార్లు. పలుచటి జావతో కడుపు నిండుతుంది కానీ బలం రాదు. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. మొలకెత్తిన రాగుల పిండి, మెత్తటి పప్పన్నం, నెయ్యి చుక్క, మెదిపిన అరటిపండు. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు ఆ వయసుకు తగ్గిపోతాయి కనుక ఆకుకూర పప్పు, బాగా ఉడికిన గుడ్డు, మీరు తినేవారైతే మాంసం కూడా త్వరగా చేర్చండి. ఏడాది వరకు ఉప్పు, చక్కెర వద్దు. తేనె అసలే వద్దు, ఆ వయసులో ప్రాణానికే ప్రమాదం. ఆవు పాలు తాగించడమూ ఏడాది తర్వాతే. పక్కన మీ పాలు మాత్రం రెండేళ్ల దాకా సాగనివ్వండి.

మూత్రం తగ్గినా, పాప మగతగా ఉన్నా, బరువు ఒక నెలలో పెరగకపోయినా ఆగకుండా దగ్గర్లోని పిల్లల డాక్టరుకు చూపించండి. డబ్బా పాలు తప్పనిసరైతే అప్పుడు డాక్టరే చెప్తారు, అలా ఇవ్వాల్సి వచ్చినా మీ తల్లితనానికి వచ్చిన లోటేమీ లేదు. ఈలోగా సాయంత్రం ఏడ్చినప్పుడు పాపను ఎత్తుకుని కాసేపు బాల్కనీలో తిప్పమని అత్తగారిని అడగండి.