వైపర్ ఆగితే ముందే మోటార్ మీద పడకు

నల్లగొండ

చిరంజీవి అల్లుడికి,

నువ్వు ఫోన్‌లో చెప్పింది సగమే వినపడింది, అందుకే తీరుబడిగా రాస్తున్నా. మీ మారుతి 800 కారు వైపర్లు మధ్యలో ఆగుతున్నాయని కల్వకుర్తిలో మెకానిక్‌కు చూపిస్తే మోటార్ పోయింది, కొత్తది వేయాలి అన్నారట. విప్పి చూశారా అని అడిగితే నువ్వు మాట మార్చావు. అంటే చూడలేదన్నమాట. డబ్బులు అప్పుడే ఇవ్వకు.

మోటార్ పోయిందంటూ నా షాపుకు వచ్చిన పాత మారుతిల్లో చాలావాటికి మోటార్ బాగానే ఉండేది. తప్పు దానికి కరెంటు తెచ్చే దారిలోనో, అది తిప్పే రాడ్లలోనో ఉంటుంది. కాబట్టి స్పానర్ పట్టే ముందు కాసేపు ఊరికే చూడు. అద్దం మీద చెంబెడు నీళ్లు పోసి వైపర్ ఆన్ చేయి. ఎండిన అద్దం మీద మంచి మోటార్ కూడా ఈడుస్తుంది.

ఏ శబ్దమూ లేకపోతే ఫ్యూజ్ చూడు. కాలిపోయి ఉంటే దాని మీద రాసిన ఆంపియర్లదే వేయి, రాగి తీగ చుట్టకు. మోటార్ తిరుగుతున్న చప్పుడొచ్చి బ్లేడ్లు కదలకపోతే రాడ్ ఊడింది, లేదా క్రాంక్ (మోటార్ షాఫ్ట్‌కు బిగించి రాడ్లను తిప్పే చిన్న చేయి) నట్ లూజైంది, లేదా లోపలి ప్లాస్టిక్ గేర్ పళ్లు అరిగాయి. స్పీడ్‌లో తిరిగి స్లోలో తిరగకపోతే అనుమానం స్విచ్ మీదా, కార్బన్ మీదా, అంటే మోటార్‌లో తిరిగే భాగాన్ని రాసుకుంటూ కరెంటు అందించే చిన్న ముక్కల మీదా. ఇలాంటి మోటార్‌లో మూడు కార్బన్లుంటాయి. ఒకటి రెండు వేగాలకూ ఉమ్మడి, ఒకటి స్లోకి, కాస్త పక్కకు జరిపి పెట్టినది స్పీడ్‌కి. ఎక్కువగా వాడేది స్లోనే కాబట్టి ముందు అరిగేది కూడా అదే.

నువ్వు చెప్పిన జబ్బు వేరు. స్విచ్ ఆపగానే బ్లేడ్లు అద్దం నడుమ నిలబడిపోతున్నాయి అన్నావు. మామూలుగా నువ్వు స్విచ్ ఆపినా మోటార్ వెంటనే ఆగదు. గేర్ మీద ఒక రాగి పళ్లెం, దాన్ని రాసుకుంటూ చిన్న ఇత్తడి రేకులు ఉంటాయి. బ్లేడ్లు కిందికి చేరేదాకా ఆ రేకుల గుండా కరెంటు వస్తూనే ఉంటుంది. కింది చోటు రాగానే పళ్లెంలో గాడి తగిలి కరెంటు తెగుతుంది, అదే క్షణంలో మోటార్ రెండు కొసలూ కలిసిపోయి బ్రేక్ పడినట్టు ఆగుతుంది. ఆ రేకులకు నల్ల మసి పట్టినా, వంగి పళ్లేన్ని తాకకపోయినా, బ్లేడ్లు ఎక్కడివక్కడే ఆగుతాయి. ఎంత ఆపినా ఆగకుండా తిరిగినా చూడాల్సింది ముందు అక్కడే. జపాన్ పాత కార్లలో పైకి లేచి దిగే హెడ్‌లైట్లుంటాయి చూడు, వాటి మోటార్లకూ పైనా కిందా ఆగడానికి ఇలాంటి ఏర్పాటే.

విప్పే ముందు ఫ్యూజ్ తీసేయి. రాడ్ల మధ్య వేలు ఉండగా ఎవరైనా స్విచ్ తిప్పితే వేలు మిగలదు. క్రాంక్ ఏ కోణంలో ఉందో పెయింట్‌తో గీత పెట్టు. తర్వాత రాడ్లు విడదీసి బ్లేడ్ చేతులను చేత్తో కదుపు. తేలిగ్గా ఊగాలి. ఊగకపోతే స్పిండిళ్లు, అంటే ఆ చేతులు తిరిగే ఇరుసులు, పట్టేసినట్టే. మన ఎర్రదుమ్ము అద్దం కింది జాలీలోంచి దిగి, వాననీటితో కలిసి స్పిండిల్ చుట్టూ ఇటుకలా గట్టిపడుతుంది. బండి పెరట్లో వేపచెట్టు కింద పెడతారు కదా, ఆకులు కూడా అక్కడే కుళ్లుతాయి. కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరాక కొత్త గ్రీజ్ పెట్టు. రాడ్ల కొసల్లోని బాల్ జాయింట్ల నైలాన్ బుష్‌లు వదులై కదిలితే మార్చెయ్యి, అవి పెద్ద ఖర్చు కాదు.

కరెంటు కొలిచేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. సాకెట్ ఊడదీసి కొలిస్తే 12 వోల్టులు చూపిస్తుంది, ఆ లెక్క నమ్మకు. వైపర్ నడుస్తుండగా కొలవాలి. బ్యాటరీ దగ్గర 12.5 ఉండి మోటార్ దగ్గర 11కి పడితే నడుమ ఎక్కడో తుప్పుంది. మీటర్ ఒక తీగ మోటార్ ఒంటికీ, ఇంకోటి బ్యాటరీ మైనస్‌కీ పెట్టి చూడు. అర వోల్టు కనిపించినా ఎర్త్, అంటే కరెంటు బండి ఒంటి గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, చెడినట్టే. బోల్టు కింద గీకి తెల్లగా చేసి బిగిస్తే చాలు.

ఇవన్నీ బాగుంటేనే మోటార్ తెరువు. గేర్ మూత కింద పాత గ్రీజ్ మైనంలా గట్టిపడి ఉంటుంది. అంతా తుడిచి లిథియం గ్రీజ్ పల్చగా పెట్టు, రాగి పళ్లెం మీద మాత్రం పెట్టకు. రేకులను సన్నని సాండ్‌పేపర్‌తో రుద్ది, కొస కొంచెం పైకి వంచు. ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే తీగచుట్ట) కమ్యూటేటర్‌కూ, అంటే కార్బన్లు రాసుకునే రాగి ముక్కల వలయానికీ, సాండ్‌పేపరే. ఎమరీ కాగితం వద్దు, దాని పొడి రాగి ముక్కల మధ్య సందుల్లో ఇరుక్కుంటుంది. కవర్ లోపలి అయస్కాంతాలు పెళుసు, సుత్తి తగిలిందా పగిలిపోతాయి. మళ్లీ బిగించేటప్పుడు క్రాంక్ పెట్టకముందే మోటార్‌కి కరెంటిచ్చి స్విచ్ ఆపు. అది తన చోటికి వెళ్లి ఆగాక నీ గీత చూసి క్రాంక్ బిగించు. తిరగేసి బిగిస్తే బ్లేడ్లు అద్దం పైకొసన పార్క్ అవుతాయి.

డ్యాష్‌బోర్డ్ కింద వేరే స్విచ్ పెట్టి డైరెక్ట్ చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. నాకు అది అస్సలు నచ్చదు. బ్లేడ్లు కింద ఆగవు, చాలాసార్లు ఆ తీగకు ఫ్యూజ్ కూడా ఉండదు. శ్రావణంలో శ్రీశైలం పోదామని అక్క పట్టుబడుతోందట. మన్ననూరు దాటి అడవిలో వాన పట్టుకుంటే ఆ తీగ దగ్గర పొగ చూస్తూ కూర్చోవాలి.

నిజంగానే ఆర్మేచర్ కాలిందనుకో, పాత మోటార్‌ను దుకాణానికి వెంట తీసుకెళ్లు. మారుతి 800 తయారీ 2014లోనే ఆపేశారు, ఏళ్లను బట్టి సాకెట్లు మారాయి. బోల్టు రంధ్రాలు, షాఫ్ట్ పొడవు, పిన్నులు మూడూ పక్కపక్కన పెట్టి సరిచూసుకున్నాకే డబ్బులివ్వు. రేకుల ఫోటో తీసి పంపు, చూసి చెప్తా. బావను అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మామ