ప్రశ్న – జవాబు: అథ్లెటిక్స్‌లో అర్జున పురస్కారం

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిని. మా పదో తరగతి అమ్మాయి ఒకరు హర్డిల్స్ పరుగులో జిల్లా స్థాయిలో మొదటి స్థానం సాధించింది. వాళ్ల నాన్నగారు నా దగ్గరకు వచ్చి, "అర్జున అవార్డుకు ఎవరు సిఫార్సు చేయాలి మాస్టారూ, ఎమ్మెల్యేగారి చేత ఉత్తరం రాయించమంటారా?" అని అడిగారు. నాకూ సరైన సమాధానం తెలియలేదు. అథ్లెట్లకు మాత్రమే ఇచ్చే జాతీయ పురస్కారం మన దేశంలో వేరుగా ఉందా?
— ఒక వ్యాయామోపాధ్యాయుడు, పార్వతీపురం

జవాబు: మాస్టారూ, ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. అమెరికాలో ఆ ఏటి మేటి అథ్లెట్‌కు ఒలింపిక్ పరుగు వీరుడు జెస్సీ ఓవెన్స్ పేరిట 1981 నుంచి ప్రత్యేకంగా ఒక పురస్కారం ఇస్తున్నారు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం అలా అథ్లెట్లకు వేరుగా ఇవ్వదు. అన్ని క్రీడలకూ కలిపి ఏటా ఇచ్చే అర్జున పురస్కారం అథ్లెట్లకు కూడా ఒక పెద్ద గుర్తింపు. ఇది 1961లో మొదలైంది. ఆ మొదటి ఏడాది అథ్లెటిక్స్ విభాగంలో దాన్ని అందుకున్న గుర్‌బచన్ సింగ్ రంధావా కూడా హర్డిల్స్ వీరుడేనని మీ అమ్మాయికి తప్పక చెప్పండి. ఆయన 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్‌లో అయిదో స్థానంలో నిలిచారు.

ఇక సిఫార్సు సంగతి. ఒకప్పుడు క్రీడా సమాఖ్యల వంటి సంస్థలు పేరు పంపితేనే పరిశీలించేవారు. ఇప్పుడు క్రీడాకారులే ఆన్‌లైన్‌లో స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. వచ్చిన దరఖాస్తులను విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన, పూర్వ క్రీడాకారులు, క్రీడా పాలనలో అనుభవమున్నవారు సభ్యులుగా ఉండే ఎంపిక సంఘం పరిశీలిస్తుంది. గత నాలుగేళ్లలో అంతర్జాతీయ స్థాయిలో చూపిన ప్రతిభ, దానితోపాటు నాయకత్వం, క్రీడాస్ఫూర్తి, క్రమశిక్షణ ప్రధానమైన కొలమానాలు. ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్‌లు, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడల పతకాలకు అక్కడ బరువు ఎక్కువ. నిషిద్ధ ఉత్ప్రేరకాలు వాడి పట్టుబడి, ఆ శిక్షాకాలం ఇంకా పూర్తికానివారు అర్హులు కారు. కాబట్టి ఏ నాయకుడి ఉత్తరమూ అవసరం లేదని ఆ తండ్రికి నిశ్చింతగా చెప్పండి. జిల్లా పతకం ఈ పురస్కారానికి లెక్కలోకి రాకపోయినా, ఆ దారిలో మొదటి మెట్టు మాత్రం అదే.

మీరు ఇప్పటినుంచే చూసుకోవలసింది మరొకటి ఉంది. అమ్మాయి ఎంత వేగంగా పరుగెత్తిందన్నది ఒక ఎత్తు, ఆ పరుగు నిబంధనల ప్రకారం నమోదైందా లేదా అన్నది మరొక ఎత్తు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ అనుభవమే చూడండి. 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డును జ్యోతి 2020లోనే దాటేసింది. కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 సెకన్లలో గమ్యం చేరినా, అక్కడ డోపింగ్ పరీక్ష జరగకపోవడం, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేకపోవడం వల్ల ఆ సమయాన్ని రికార్డుగా గుర్తించలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 సెకన్లు వచ్చింది. ఆ రోజు వెనుక నుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు, నిబంధన అనుమతించేది 2.0 మీటర్లు. ఆ కాస్త తేడాతో అదీ పోయింది. చివరికి 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లలో పరుగెత్తినప్పుడు గానీ ఆమె పేరు రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. అంతకుముందు రెండుసార్లు అంతకంటే వేగంగా పరుగెత్తిన అమ్మాయి, వాటికంటే నెమ్మదైన పరుగుతో రికార్డు సాధించవలసి వచ్చిందన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకని మాస్టారూ, మీ అమ్మాయి పాల్గొనే ప్రతి పోటీ ధ్రువపత్రాన్నీ, అధికారిక ఫలితాల పట్టికనూ, గాలి వేగం కొలిచి ఉంటే ఆ అంకెనూ ఒక ఫైలులో భద్రపరచండి. అమ్మాయికి పదహారేళ్లు దాటాక, ఎలక్ట్రానిక్ టైమింగ్, గాలి కొలత ఉన్న పోటీలకు వీలైనన్నింటికి తీసుకెళ్లండి.

ప్రశ్న: అర్జున పురస్కారం కింద ఏమిస్తారు?
— ఒక డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

జవాబు: విల్లు ఎక్కుపెట్టిన అర్జునుడి కంచు ప్రతిమ, ప్రశంసాపత్రం, 15 లక్షల రూపాయల నగదు ఇస్తారు. 2020కి ముందు నగదు 5 లక్షలే ఉండేది. పేదింటి నుంచి వచ్చిన అథ్లెట్ల విషయంలో ఈ పెంపు చాలా అవసరమైనదని నా అభిప్రాయం.

ప్రశ్న: మిల్ఖా సింగ్ అర్జున పురస్కారాన్ని తిరస్కరించారని విన్నాను. అంతటి గౌరవాన్ని కాదనడం సబబేనా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, తెనాలి

జవాబు: మీరు విన్నది నిజమే. దాన్ని అహంకారంగా చూడకూడదని నా విన్నపం. మిల్ఖా సింగ్ 1958లో కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల పరుగులో నాలుగో స్థానంలో నిలిచి, వెంట్రుకవాసిలో పతకం పోగొట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాదే అర్జున పురస్కారాలు మొదలయ్యాయి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో కూడా ఆయన స్వర్ణాలు గెలిచారు. అయినా ఆ పురస్కారం ఆయన ఇంటి తలుపు తట్టింది 2001లో, అంటే ఆయనకు డెబ్భై ఏళ్లు దాటాక. పద్మశ్రీ అయితే 1959లోనే వచ్చింది. నలభై ఏళ్లు ఆలస్యంగా, కొత్తతరం క్రీడాకారుల వరుసలో తనను నిలబెట్టి ఇవ్వబోయిన దాన్ని ఆయన వద్దన్నారు. పరుగు పందెంలో సెకనులో పదో వంతుకు కూడా విలువ ఉన్నప్పుడు, పరుగెత్తిన మనిషిని నాలుగు దశాబ్దాలు నిలబెట్టడం తప్పు కాక మరేమిటి? ఈ తప్పు కొంతవరకైనా సరిదిద్దడానికి పాతతరం క్రీడాకారుల కోసం ఇప్పుడు జీవిత సాఫల్య విభాగం వేరుగా పెట్టారు. 2024 సంవత్సరానికి ఆ విభాగంలో పూర్వ అథ్లెట్ సుచ్చా సింగ్ గౌరవం పొందారు.

ప్రశ్న: మన తెలుగు నేల నుంచి అథ్లెటిక్స్‌లో ఈ పురస్కారం ఎవరెవరికి వచ్చింది? దివ్యాంగ అథ్లెట్లకు ఇచ్చేది వేరే పురస్కారమా?
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీరు వరంగల్ ప్రాంతం నుంచే అడిగారు కాబట్టి జవాబు చెప్పడం మరింత సంతోషంగా ఉంది. నాకు ముందుగా గుర్తుకు వచ్చే పేరు జె.జె. శోభ. పుట్టింది కర్ణాటకలోని ధార్వాడ దగ్గరైనా, సికింద్రాబాద్‌లో స్థిరపడిన ఆమెను మనవాళ్లు ఎప్పుడూ పరాయిగా చూడలేదు. ఆమెది హెప్టాథ్లాన్, అంటే రెండు రోజుల్లో ఏడు అంశాల పోటీ. 2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో ఆమె స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో, ఆరో అంశమైన జావెలిన్ విసురుతుండగా ఆమె చీలమండకు గాయమైంది. ఇక పోటీ ముగిసినట్టేనని చూస్తున్నవారు అనుకున్నారు. ఆమె మాత్రం కాలికి కట్టు కట్టించుకుని తిరిగి ట్రాక్ మీదకు వచ్చి, చివరి అంశమైన 800 మీటర్లు పరుగెత్తి పోటీ పూర్తి చేసింది. అక్కడ పదకొండో స్థానంలో నిలిచిన శోభకు 2004 సంవత్సరపు అర్జున పురస్కారం దక్కింది.

ఆ తర్వాత 2024 సంవత్సరపు జాబితాలో ఇద్దరు తెలుగమ్మాయిలు ఒకేసారి కనిపించారు. ఒకరు పైన చెప్పిన జ్యోతి యర్రాజీ. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో పక్క లేన్‌లోని చైనా క్రీడాకారిణి తుపాకీ మోగకముందే కదిలింది. ఆ గందరగోళంలో జ్యోతిని కూడా అనర్హురాలిగా ప్రకటించబోయారు. జ్యోతి అధికారుల ముందు నిలబడి తన తప్పు లేదని గట్టిగా వాదించింది, ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. అంత అలజడి తర్వాత కూడా ఆమె 12.91 సెకన్లలో గమ్యం చేరింది. తర్వాత చైనా అమ్మాయిని అనర్హురాలిగా తేల్చడంతో జ్యోతి కాంస్యం రజతంగా మారింది. పురస్కారానికి చూసే లక్షణాల్లో క్రీడాస్ఫూర్తి కూడా ఒకటని పైన రాశాను. ఆ పదానికి అర్థం అడిగితే నేను ఆ రోజునే చూపిస్తాను.

రెండో అమ్మాయి మీ వరంగల్ ప్రాంతపు బిడ్డ, పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి. మేధోవైకల్యం ఉన్న అథ్లెట్ల టీ20 విభాగంలో ఆమె 400 మీటర్లు పరుగెత్తుతుంది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా చాంపియన్‌షిప్‌లో 55.07 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం గెలిచింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం సాధించింది. దీప్తిని తీర్చిదిద్దిన కోచ్ నాగపురి రమేశ్ 2016లోనే ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. జ్యోతి కూడా తొలినాళ్లలో హైదరాబాద్‌లో ఆయన దగ్గర శిక్షణ పొందింది.

దివ్యాంగ అథ్లెట్లకు వేరే పురస్కారం లేదమ్మా, అందరికీ ఇదే. 2024 సంవత్సరానికి అర్జున పొందిన 32 మందిలో 17 మంది పారా క్రీడాకారులే. 2025 జనవరి 17న రాష్ట్రపతి భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము పురస్కారాలు అందజేసినప్పుడు, విశాఖ అమ్మాయికీ కల్లెడ అమ్మాయికీ అందినది అదే అర్జునుడి ప్రతిమ.