వెయిట్‌లిస్టు తేలేదాకా రెండో ఏడాది ఫీజు ఆపాలా?

ఫీజు కట్టేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీరు రాసింది ఇదీ: బాబుకి బెంగళూరులో బి.ఇ. మొదటి సంవత్సరం అయిపోయింది, అమెరికాలో ఒక యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే వెయిట్‌లిస్టులో వేశారు, ఇక్కడ రెండో ఏడాది ఫీజు గడువు ముంచుకొస్తోంది. కట్టాక అక్కడ సీటు వస్తే రెండున్నర లక్షలు బూడిదలో పోసినట్టేనా అని మీ భయం. 2025 వేసవిలో మా ఇంట్లో అచ్చం ఇదే చర్చ జరిగింది. మేం ఫీజు కట్టకుండా ఆగాం.

మాది ఒంగోలు దగ్గర పల్లె. కర్ణాటక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల ఎంట్రన్స్ కామెడ్‌కే ర్యాంకుతో బెంగళూరులో కంప్యూటర్ సైన్స్‌లో చేరాను. మొదటి సెమిస్టర్ మార్కులతో మార్చి 1 లోపు నాలుగు యూనివర్సిటీలకు అప్లై చేశాను. చాలా అమెరికా యూనివర్సిటీలకు ఒకే చోట అప్లై చేసే వెబ్‌సైట్ కామన్ యాప్‌లో ‘కాలేజ్ రిపోర్ట్’ అని ఒక ఫారం ఉంటుంది, ఈ విద్యార్థి మా దగ్గర సక్రమంగా చదువుతోందని కాలేజీవాళ్లు నింపి సంతకం పెట్టాలి. అది పట్టుకుని వెళ్తే ఆఫీసులో “బోనఫైడ్ కావాలా అమ్మా?” అని అడిగారు. దానికే తొమ్మిది రోజులు పట్టింది. చివరికి రెండు చోట్ల కాదన్నారు. ఒక చోట రమ్మన్నారు గానీ ఏడాది ఖర్చు చూసి నాన్న ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టారు. నాలుగోది, నేను నిజంగా కోరుకున్నది, మే 9న వెయిట్‌లిస్టు అని చెప్పింది.

మనకి వెయిట్‌లిస్టు అనగానే రైలే గుర్తొస్తుంది. సంక్రాంతికి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ 38 ఉంటే వారానికి 19 అవుతుంది, చార్టు వేసే వేళకి ఆర్‌ఏసీ అయినా దొరుకుతుంది, కనీసం కూర్చుని ఇంటికి చేరతాం. నాన్న కూడా అలాగే అనుకుని రెండ్రోజులకోసారి ఫోన్ చేసి “ఎంతకొచ్చిందమ్మా?” అనేవారు. అసలు నంబరే ఇవ్వలేదు నాన్నా అంటే ఆయనకు ఎక్కేది కాదు. చాలా యూనివర్సిటీల్లో ఆ జాబితాకి వరుస ఉండదు. సీటు వచ్చినవాళ్లలో ఎవరు చేరలేదో, ఏ బ్రాంచిలో ఖాళీ పడిందో చూసుకుని అప్పుడు పిలుస్తారు. కంప్యూటర్ సైన్స్ నిండిపోతే హిస్టరీలో పది ఖాళీలున్నా మనకి ఒరిగేదేమీ లేదు. మన కౌన్సెలింగ్‌లో లాగా ఫలానా తేదీన రెండో రౌండు, ఫలానా ర్యాంకు దగ్గర కటాఫ్ అనేవి అక్కడ ఉండవు.

ఇంకో మాట. నెట్‌లో కొందరు, యూనివర్సిటీలు తమ అడ్మిషన్ల అంకెలు పెట్టే ‘కామన్ డేటా సెట్’ తెరిచి, వెయిట్‌లిస్టులో ఇంతమందికి ఇన్ని సీట్లు వచ్చాయని లెక్కలు చెబుతారు. నేనూ ఆ అంకెలు చూసి ఒక రాత్రంతా సంతోషపడ్డాను. ఆ అంకెలు ఉండేది సి2 విభాగంలో. అది ఇంటర్ అయ్యాక మొదటిసారి చేరే పిల్లల సంగతి. ట్రాన్స్‌ఫర్ వాళ్ల లెక్క డి విభాగంలో ఉంటుంది. అక్కడ ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి ఇచ్చారు, ఎంతమంది చేరారు అన్నవే ఉంటాయి, వెయిట్‌లిస్టు ఊసు ఉండదు. మీ బాబుకి ఎంత అవకాశం ఉందో శాతాల్లో చెప్పేవాళ్లని నమ్మకండి. మాకు తెలిసిన ఒక కన్సల్టెన్సీ ఆయన నలభై వేలిస్తే “లోపల మన మనిషి ఉన్నాడు, కదిలిద్దాం” అన్నాడు. అమ్మ దాదాపు ఇచ్చేసింది కూడా.

పోర్టల్‌లో ‘జాబితాలో కొనసాగుతాను’ అని ఒప్పుకునే చోటుంటే వెంటనే నొక్కించండి. రెండో సెమిస్టర్ ఫలితాలు రాగానే వాటితో ఒక పేజీ ఉత్తరం రాయమనండి, ఇప్పటికీ ఇక్కడే చేరాలనుకుంటున్నాను అని. ఒక్కటి చాలు, వారానికొకటి వద్దు. ఇక పగలంతా ఫోన్ పట్టుకుని కూర్చోవడం దండగ. వేసవిలో అమెరికా మధ్య రాష్ట్రాల్లో ఉదయం 9 అంటే మనకి రాత్రి ఏడున్నర, వాళ్లు సాయంత్రం 5కి ఆఫీసు మూసేసరికి మనకి తెల్లవారుజామున మూడున్నర. ఈ లెక్క తెలియక నేను క్లాసులో బెంచీ కింద మెయిల్ చూసుకుంటూ రెండుసార్లు దొరికిపోయాను.

ఇప్పుడు అసలు విషయం. నాకు సీటు వచ్చింది. జులై 22 రాత్రి పదకొండూ నలభైకి మెయిల్. హాస్టల్లో అందర్నీ లేపేశాను. క్లాసులు ఆగస్టు 25న మొదలు. నెల పైన టైం ఉంది కదా అనుకున్నాం.

వీసాకి ముందు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే పత్రం కావాలంటే మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు చూపించాలి. మా దగ్గర ఉన్నది ఇల్లు, డబ్బు కాదు. సీటు ఖాయమయ్యాకే లోన్‌కి వెళ్దాంలే అని నాన్న మే నుంచి ఆగారు, నేనూ సరే అన్నాను. ఇంటి మీద లోన్ అంటే ఈసీ (ఆస్తి మీద అప్పులున్నాయో లేవో చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు), లాయరు లీగల్ ఒపీనియన్, ఇంజనీరు వాల్యుయేషన్. శాంక్షన్ లెటర్ చేతికి రావడానికి పదహారు రోజులు పట్టింది. అది పంపితే ఐ-20 ఆగస్టు 12న వచ్చింది. ఐ-20 మీద ఉండే సెవిస్ నంబరు (అమెరికా ప్రభుత్వ రికార్డులో విద్యార్థి నంబరు) లేకుండా డీఎస్-160 అనే వీసా దరఖాస్తు పూర్తి కాదు, డీఎస్-160 లేకుండా వీసా ఇంటర్వ్యూ స్లాటు దొరకదు. అంటే అన్ని వారాలూ మేం కనీసం క్యూలో కూడా లేము.

పైగా అది 2025. మే 27 నుంచి కొత్త స్టూడెంట్ వీసా స్లాట్లు ఇవ్వడం ఆపేశారు. జూన్ 18న మళ్లీ మొదలవుతాయని చెప్పినప్పుడు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టాలనే షరతు వచ్చింది. ఆగిన మూడు వారాల రద్దీ జులై, ఆగస్టుల మీద పడింది. బెంగళూరులో ఆ జనవరిలోనే అమెరికా కాన్సులేట్ ప్రారంభమైంది గానీ వీసా పని మాత్రం చెన్నైలోనో హైదరాబాద్‌లోనో చూసుకోవాల్సి వచ్చింది. సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు కట్టేసి, నేనూ మా అన్నయ్యా వంతులేసుకుని రాత్రింబవళ్లు స్లాట్ల పేజీ చూశాం. కనిపించిన మొదటి తేదీ క్లాసులు మొదలయ్యాక పన్నెండు రోజులకి. ఆలస్యంగా రానిస్తారా అని యూనివర్సిటీకి రాస్తే కుదరదన్నారు. జనవరికి మార్చమంటే, ట్రాన్స్‌ఫర్ వాళ్లకి ఆ వెసులుబాటు లేదు, మళ్లీ కొత్తగా అప్లై చేసుకోమన్నారు.

ఆ మెయిల్‌తో పాటే, ఇక్కడ చదివిన సబ్జెక్టుల్లో అక్కడ ఏవి చెల్లుతాయో చెప్పే క్రెడిట్ల లెక్క కూడా పంపారు. మన మొదటి ఏడాదిలో బయటి రాష్ట్రాల పిల్లలకి పెట్టే ‘బళకె కన్నడ’ను ఫారిన్ లాంగ్వేజ్ కింద వేశారు. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది.

ఇటు కాలేజీలో మూడో సెమిస్టర్ మొదలై మూడు వారాలు. ఫీజు కట్టలేదు కాబట్టి రోల్‌లో నా పేరు లేదు, వెళ్లి కూర్చున్నా హాజరు పడదు. మా కాలేజీ ఉన్న వీటీయూ యూనివర్సిటీలో 85 శాతం హాజరు కావాలి. మొదటి ఇంటర్నల్ పోయింది, ఆ సబ్జెక్టుల్లో సీఐఈ (ఇంటర్నల్) మార్కులు అక్కడే చతికిలపడ్డాయి. ఫైన్‌తో సహా ఫీజు కట్టి, హెచ్‌ఓడీ గారి గది ముందు నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ దృశ్యం చూశాక సీటు పోయిన బాధ చిన్నదైపోయింది.

అందుకే ఫీజు కట్టమంటున్నాను. తిరిగి రాదనే అనుకుని కట్టండి. మొత్తం ఒకేసారి కష్టమైతే రెండు విడతల్లో కడతామని ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టుకోండి, మా కాలేజీలో కొందరికి ఒప్పుకున్నారు. టీసీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకోకండి. వీసా స్టాంపు పడ్డాక అడిగినా సరిపోతుంది.

ఇంకోటి, యూనివర్సిటీ ఎప్పుడు చెబుతుందా అని చూడటం మానేసి మీకు మీరే ఒక ఆఖరి తేదీ పెట్టుకోండి. క్లాసులు మొదలయ్యే రోజు నుంచి వెనక్కి లెక్కేయండి: వీసా అయ్యాక పాస్‌పోర్టు చేతికి రావడానికి వారం, స్లాటుకి మూడు నాలుగు వారాలు, ఐ-20కి వారం, లోన్ శాంక్షన్‌కి రెండు మూడు వారాలు. మాలాగా క్లాసులు ఆగస్టు 25న అయితే, లోన్ కాగితం ముందే సిద్ధంగా ఉంటే ఆ తేదీ జులై మధ్య దాకా వస్తుంది. లేకపోతే జూన్ చివర్లోనే దాటిపోతుంది. ఆ తర్వాత సీటు ఇచ్చినా అందుకోవడం కష్టం. బాబుకి కూడా ఆ తేదీ చెప్పి ఉంచండి. ఆ రోజు దాటాక రాత్రిళ్లు పడుకుంటాడు.

డబ్బు ఎఫ్‌డీల్లో ఉంటే సరే, ఇల్లో పొలమో పెట్టాలంటే బ్యాంకుకి రేపే వెళ్లండి. సీటు రాకపోతే లోన్ తీసుకోకుండా వదిలేయవచ్చు, లాయరు ఫీజు, వాల్యుయేషన్ ఫీజు లాంటివి తప్ప పెద్దగా పోయేదేం లేదు. లింకు డాక్యుమెంట్లు అన్నీ ఇంట్లోనే ఉన్నాయో లేదో ఇవాళే బీరువా తీసి చూసుకోండి. మా తాతగారి పేరున ఉన్న ఒక దస్తావేజు కోసం ఇల్లంతా తిరగేశాం, అది గుంటూరులో మా పెద్దనాన్న ట్రంకుపెట్టెలో తేలింది. ఆ పదహారు రోజుల్లో ఆరు దానికే పోయాయి.