అబ్బాయికి సేవా? వ్యాపారమా? మళ్లీ ఉద్యోగమా?

ప్రశ్న: మా అబ్బాయికి 29 ఏళ్లు. బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాడు. నాలుగు నెలల కిందట కంపెనీ తీసేసింది. అప్పటి నుంచి ‘ఇది దేవుడి పిలుపు, పాస్టర్‌గా సేవ చేస్తాను, ఖర్చులకు చిరుధాన్యాల పిండ్ల వ్యాపారం పెట్టుకుంటాను’ అంటున్నాడు. మా చర్చి సంఘంలో కొందరు తలా 50 వేలు పెడతామన్నారట. ఎస్సీ కార్పొరేషన్ లోన్‌కూ అప్లై చేస్తానంటున్నాడు. పసితనంలో జబ్బు చేసినప్పుడు దేవుడికి ప్రతిష్ఠించిన బిడ్డే. అయినా భయంగా ఉంది. సంబంధాలు చూస్తున్నాం, ఉద్యోగం పోయిన సంగతి వాళ్లకు ఇంకా చెప్పలేదు. బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్లు చదివే డిగ్రీ), ఎంబీఏ, వ్యాపారం, ఈ మూడింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి.
- ఒక తల్లి, తెనాలి

జవాబు:

అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఊరు మారుతుంది, కంపెనీ మారుతుంది, పిండ్ల బదులు ఇంకో సరుకు ఉంటుంది. అడిగేది మాత్రం కోర్సుల గురించే, భయం మాత్రం వేరే. మీ భయం నాకు అర్థమైంది. ‘వీడు రేపు పది మంది ఇచ్చే కానుకల మీద బతకాల్సి వస్తుందా? చదివించింది ఇందుకేనా? పిల్లనెవరిస్తారు?’ ఇదే కదా. ముందు దీనికి జవాబు చెప్పి, తర్వాత కోర్సుల సంగతికి వస్తాను.

ఆరేళ్ల అనుభవం ఉన్న 29 ఏళ్ల మనిషి ఒక ఏడాది ఆగి ఆలోచించుకుంటే జీవితం పాడైపోదు. టెస్టింగ్ పని తెలిసిన వాడు ఏడాది తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కోగలడు. జీతం కొంచెం తగ్గవచ్చు, మొదటి రెండు మూడు ఇంటర్వ్యూల్లో గ్యాప్ గురించి అడుగుతారు. ‘ఈ ఏడాది ఇది ప్రయత్నించాను, ఇది నేర్చుకున్నాను’ అని చెప్పగలిగితే చాలు. ఆ విషయంలో టెన్షన్ వద్దు.

ఇప్పుడు మిమ్మల్నొక మాట అనాలి, ఏమీ అనుకోవద్దు. బిడ్డను బైబిల్లో హన్నా దేవుడికి ఇచ్చేసిన సమూయేలులా ప్రతిష్ఠించామని ఇన్నేళ్లూ సంఘంలో సాక్ష్యం చెప్పి ఉంటారు. అందరూ ‘ఆమేన్’ అన్నారు. పిల్లవాడు ఆ మాట వింటూ పెరిగాడు. ఇవాళ వాడు దాన్ని నిజమనుకుంటే మీకు గాబరా పుట్టింది. ప్రతిష్ఠ అంటే సాఫ్ట్‌వేర్ జీతం తీసుకుంటూ ఆదివారం క్వయర్‌లో పాడటం వరకే అని మీ మనసులో ఉంటే, ఆ సంగతి వాడికి ముందే చెప్పి ఉండాల్సింది. మీ మొక్కుబడి బరువు వాడి మీద పెట్టి, వాడు దాన్ని ఎత్తుకుంటే కోప్పడటం న్యాయం కాదు.

అలాగని వాడు చెప్పేదంతా సరే అని కూడా నేను అనను. ఉద్యోగం పోయిన మనిషికి కలిగే పిలుపు నిజమైనదీ కావచ్చు, అవమానాన్ని కప్పుకునే దుప్పటీ కావచ్చు. తేల్చుకోవడానికి నేను అడిగేది ఒకటే. ఉద్యోగం ఉన్న రోజుల్లో వాడు ఏం చేశాడు? హైదరాబాద్‌లో ఏదైనా సంఘంలో సండే స్కూల్ చెప్పాడా, హాస్పిటల్లో ఎవరినైనా చూడటానికి వెళ్లాడా, యువకుల కూడికలు నడిపాడా? జీతం వస్తున్నప్పుడే ఆ పని చేస్తున్నవాడైతే పిలుపు ముందే ఉంది, ఉద్యోగం పోవడంతో తీరిక దొరికిందంతే. రిలీవింగ్ లెటర్ చేతికొచ్చిన వారంలోనే పిలుపు మొదలైతే మాత్రం కొన్నాళ్లు ఆగమనండి. సంఘంలో ఎవరూ చూడని పని ఏదైనా ఇమ్మని మీ పాస్టర్ గారినే అడగమనండి. స్టేజీ, మైకు లేని పనిలో ఆరు నెలలు నిలబడితే నేనూ నమ్ముతాను.

ఇక వ్యాపారం. ఇక్కడే నాకు అసలు సందేహాలు. ఈ మధ్య ‘కింగ్‌డమ్ బిజినెస్’, ‘మార్కెట్‌ప్లేస్ మినిస్ట్రీ’ అంటూ హోటళ్ల కాన్ఫరెన్స్ హాళ్లలో సెమినార్లు పెడుతున్నారు. ఉద్యోగాలు పోయిన కుర్రాళ్లకు అవి ఎంతో ఊరటగా ఉంటున్నాయి. సేవా ఉంటుంది, సంపాదనా ఉంటుంది, పైగా చెయ్యి చాపే పని లేదు. వినడానికి బాగుంటుంది. కానీ అక్కడ చెప్పే చాలా వ్యాపారాల్లో కొనేది ఎవరో చూడండి. ఆ సంఘం వాళ్లే. నూనె, పిండి, హెల్త్ పౌడర్, చీటీ, ప్లాటు, ఇన్సూరెన్స్, చివరికి చైన్ మార్కెటింగ్ కూడా ‘ప్రైజ్ ది లార్డ్ బ్రదర్’ అని మొదలవుతుంది. పాస్టర్ గారు అమ్మితే విశ్వాసి వద్దనలేడు. ఇంట్లో పిండి ఉన్నా ఇంకో రెండు కిలోలు తీసుకుంటాడు. నాణ్యత బాగాలేకపోయినా నోరు విప్పడు. మరి ఆ వ్యాపారి తన సరుకు నిజంగా మంచిదో కాదో ఎప్పటికి తెలుసుకుంటాడు? అమ్మకం పెరిగితే ఆశీర్వాదం అంటారు, తగ్గితే శోధన అంటారు. లెక్కల పుస్తకం తెరిచి ‘కిలోకు మనకు మిగిలేదెంత?’ అని అడిగేవాళ్లు ఉండరు. అడిగితే విశ్వాసం లేనివాళ్లంటారు. ఇలా వ్యాపారమూ చెడుతుంది, సేవా చెడుతుంది. డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు గొడవపడవు. మెల్లగా గుడికి రావడం మానేస్తాయి, అంతే. ఆ నష్టం ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ కనబడదు.

ఇలాంటి సెమినార్లలో అపొస్తలుడైన పౌలు బతకడానికి డేరాలు కుట్టాడని తప్పకుండా చెబుతారు. నిజమే. కానీ ఆ సంగతి ఉన్న అపొస్తలుల కార్యాలు 18వ అధ్యాయాన్ని పూర్తిగా చదవమనండి మీ అబ్బాయిని. కొరింథులో అకుల ఇంట్లో ఉండి పనిచేస్తూ విశ్రాంతిదినాల్లో సమాజమందిరంలో మాట్లాడాడు. సీల, తిమోతి మాసిదోనియ నుంచి వచ్చాక పూర్తిగా వాక్యం మీదే ఉన్నాడు. మాసిదోనియ నుంచి వచ్చిన సోదరులే తన అవసరం తీర్చారని ఆ కొరింథు వాళ్లకే తర్వాత రాశాడు. అంటే ఏ ఊళ్లో బోధిస్తున్నాడో ఆ ఊరి విశ్వాసుల మీద తన భారం వేయలేదు. డేరాల పని కూడా ఎప్పటికీ ఒకే తీరుగా సాగలేదు, కాలాన్ని బట్టి ఎక్కువా తక్కువా అయింది.

మిషనరీ విలియం కేరీ సంగతీ అంతే. ఇంగ్లండ్‌లో చెప్పులు కుట్టిన మనిషి. 1794 నుంచి బెంగాల్‌లో ముద్నాబాటి అనే చోట నీలిమందు ఫ్యాక్టరీకి మేనేజర్‌గా ఉంటూనే బెంగాలీ నేర్చుకుని కొత్త నిబంధన తర్జుమా చేశాడు. అది మూతపడ్డాక 1800 జనవరిలో సెరంపూర్ చేరాడు. ఆ మరుసటి ఏడాది ఫోర్ట్ విలియం కాలేజీలో మాస్టారయ్యాడు. కేరీ జీతం, తోటి మిషనరీలైన మార్ష్‌మన్ దంపతుల స్కూళ్ల ఆదాయం, వార్డ్ చూసుకున్న ప్రెస్ ఆదాయం అన్నీ మిషన్ ఖాతాలోకి వెళ్లేవి, ఇంటి ఖర్చులకు మాత్రం కొంత తీసుకునేవారు. ఫ్యాక్టరీ యజమాని గానీ, కాలేజీ పెట్టిన ఈస్టిండియా కంపెనీ సర్కారు గానీ ఆయన సంఘ సభ్యులు కారు. ఆయన పని నచ్చి డబ్బిచ్చారు. మీ అబ్బాయి వ్యాపారానికి నేను పెట్టే పరీక్ష కూడా ఇదే. తనను ‘బ్రదర్’ అని పిలవని మనిషి డబ్బులిచ్చి ఆ పిండి రెండోసారి కొంటాడా?

మన దగ్గరే ఒకాయన ఉన్నారు, ఊరూ పేరూ చెప్పను. మండలాఫీసు ఎదుట జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. సాయంత్రాలు, ఆదివారాలు చిన్న సంఘానికి కాపరి. కౌంటర్ మీద అతికించిన క్యూఆర్ కోడ్ షాపు కరెంట్ అకౌంట్‌ది. చర్చిలో కానుకల పెట్టె పక్కనున్నది సంఘం సొసైటీ అకౌంట్‌ది. ఒక పెద్దావిడ 20 రూపాయల ప్రింట్లు తీసుకుని 500 నోటిచ్చి ‘మిగతాది కానుక అనుకోండి అయ్యగారూ’ అంటే, 480 లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టి, ‘ఆదివారం పెట్టెలో వేయండమ్మా’ అన్నారు. నేను పక్కనే ఉన్నాను. అక్కడికొచ్చే వాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉంటారు, ప్రింటు బాగుంటుందని వస్తారు. బుధవారం కూడిక ఉందని ఆ సాయంత్రం షట్టర్ దించేస్తారు, ఆ పూట ఆదాయం పోతుంది. రెండూ నడపడం అంటే ఇలాగే ఉంటుంది. ఏదో ఒక పూట ఏదో ఒకటి వదులుకోవాలి.

మీ అబ్బాయి ప్లాన్‌లో నేను ఒప్పుకోనివి రెండున్నాయి. మొదటిది ఆ తలా 50 వేలు. విశ్వాసుల దగ్గర ‘లాభం ఇస్తాం’ అని డబ్బు పోగేయడం 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కిందికి రావచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, అప్పిచ్చిన వాళ్ల ముందు నిలబడి వాక్యం ఎలా చెబుతాడు? ఆ డబ్బు తీసుకోవద్దని మీరు గట్టిగా చెప్పండి. రెండోది ఎస్సీ కార్పొరేషన్ లోన్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా వర్తించదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీలో ఉన్నారు. ఆ ఉత్తర్వు అన్యాయమని ఎన్నో సంఘాలు ఏళ్లుగా పోరాడుతున్నాయి, నా మనసూ వాళ్ల వైపే. అయినా పాస్టర్ కాబోతున్న మనిషి ఎస్సీ సర్టిఫికెట్ మీద లోన్ తీసుకుంటే రేపు కేసవుతుంది, చెప్పే వాక్యానికీ విలువ పోతుంది. క్రిస్టియన్ మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఉంది, మామూలు ముద్ర లోన్లున్నాయి. అక్కడ అడగమనండి.

విదేశాల్లో ఉన్న చుట్టాలు, స్నేహితులు సేవకు డబ్బు పంపుతామంటే ఒక జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న స్నేహితుడు సేవ కోసం పంపితే వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి. ఆ డబ్బును పిండి మిల్లుకు వాడటం అసలే కుదరదు.

ఇక మీరడిగిన పోలిక. ఎంబీఏ ఇప్పుడు వద్దు. ఏం చేయాలో తెలియక చేరే ఎంబీఏకి లక్షలు ఖర్చవుతాయి, ఆ తికమక రెండేళ్ల తర్వాత కూడా అలాగే ఉంటుంది. బీడీ మంచి చదువు. హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ లాంటి చోట, సెరంపూర్ సెనేట్ (థియాలజీ డిగ్రీలిచ్చే సంస్థ) డిగ్రీతో, గ్రాడ్యుయేట్లకు నాలుగేళ్లు. కానీ అది సీఎస్ఐ, ఏఈఎల్‌సీ (లూథరన్), బాప్టిస్టు సంఘాల్లో గురుత్వానికి, అంటే పాస్టర్ పదవికి, వెళ్లే వాళ్ల దారి. సంఘం సిఫారసు కావాలి, చదువయ్యాక ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్లాలి, సొంత వ్యాపారం కుదరదనే అనుకోవాలి. ఇండిపెండెంట్ చర్చి పెట్టాలనుకుంటే బీడీ తప్పనిసరి కాదు. అయినా ఏ చదువూ లేకుండా పులిపీఠం (ప్రసంగ వేదిక) ఎక్కవద్దని నా మాట. సెరంపూర్ వాళ్లవే ఎక్స్‌టెన్షన్ కోర్సులున్నాయి, ఇంట్లో ఉండి క్రిస్టియన్ స్టడీస్ చదువుకోవచ్చు. డబ్బు కడితే వారంలో ఇచ్చే గౌరవ డాక్టరేట్ల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

కాబట్టి ఈ ఏడాదికి నా సలహా: రెండు పెద్ద పనులు ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఇల్లు గడవడానికి టెస్టింగ్‌లోనే ఫ్రీలాన్స్ గానీ కాంట్రాక్టు పని గానీ చూసుకోమనండి. వారంలో ఒక సాయంత్రం, ఆదివారం సంఘానికి ఇవ్వమనండి. పిండ్ల వ్యాపారం చిన్నగా, సొంత డబ్బుతో, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకుని, ముందుగా తెనాలి కిరాణా షాపుల్లో పెట్టి చూడమనండి. చర్చి వాట్సాప్ గ్రూపులో పోస్టు పెట్టకుండా అమ్మాలి, అది షరతు. ఆరేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ రావాలి, వచ్చిందో లేదో అడగండి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోయి ఉంటుంది. మీ దంపతులిద్దరూ దాని మీదే ఆధారపడి ఉంటే వెంటనే వేరే పాలసీ తీసుకోండి, ఇది వ్యాపారం కంటే అర్జెంటు.

సంబంధాల వాళ్లకు ఉద్యోగం పోయిందని ఈ వారమే చెప్పండి. సేవ చేయాలని ఉందని కూడా చెప్పండి. పెళ్లయ్యాక తెలుసుకున్న అమ్మాయి జీవితమంతా మిమ్మల్ని నమ్మదు, వాడినీ నమ్మదు. ఆ ఇంటికి వచ్చే పిల్ల ఈ దారి తెలిసే రావాలి. పాస్టరమ్మగా బతకడం ఎంత కష్టమో మీ సంఘంలో ఉన్న ఆవిణ్ణి అడిగితే చెబుతారు. కొన్ని సంబంధాలు వెనక్కి పోతాయి. బాధపడకండి, తెలిసి ఒప్పుకునే వాళ్లు కూడా ఉంటారు.

ఆరు నెలలయ్యాక లెక్కల పుస్తకం తీసుకుని మీ అబ్బాయిని నా దగ్గరికి రమ్మనండి. ఎంత అమ్మాడు, అందులో సంఘం బయటి వాళ్లు కొన్నదెంత అన్నది చూసి, బీడీ సంగతి అప్పుడు మాట్లాడదాం.